గోవా పెద్దదా, ఖమ్మం పెద్దదా?

ఈ ప్రశ్న అడిగితే తరగతంతా ఒక్కసారిగా "గోవా! అది రాష్ట్రం కదా మాస్టారూ!" అంటుంది. లెక్క చూద్దాం. గోవా విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు. ఖమ్మం జిల్లాది సుమారు 4,360. సిక్కిం రాష్ట్రం 7,096. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుమారు 7,480. గుజరాత్‌లోని కచ్ జిల్లా అయితే హర్యానా రాష్ట్రాన్నే మించిపోయింది!

మరి మనం ఎందుకు పొరబడతాం? అట్లాసులో ఒక్కొక్క పటానికి ఒక్కొక్క స్కేలు. జిల్లా పటమూ, దేశపటమూ చెరొక పుట నిండా అచ్చయి ఉంటాయి.

మీరే కొలవండి. 1 సెం.మీ.కు 10 కి.మీ. స్కేలున్న జిల్లా పటాన్ని సెంటీమీటరు గళ్ళ కాగితంపై దించుకోండి. నిండు గళ్ళు లెక్కించండి. సగమో, అంతకు మించో ఉన్న గడిని ఒకటిగా తీసుకోండి. సగానికి తగ్గితే వదిలేయండి. ఒక గడి 10 చ.కి.మీ. అనుకుని చాలామంది తప్పుతారు. అది 10 × 10 = 100 చ.కి.మీ. భద్రాద్రి కొత్తగూడేనికి సుమారు 75 గళ్ళు రావాలి.

అయితే పాత పటం తీసుకుంటే లెక్క కుదరదు. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక ఇప్పుడు వేరే రాష్ట్రం! 2016లో భద్రాచలం కొత్త జిల్లాలోకి వచ్చింది. అడవీ, గోదావరీ ఉన్నచోటనే ఉన్నాయి. సరిహద్దు గీత మాత్రం జరిగింది. కనుక కొలిచేముందు పటం అచ్చయిన సంవత్సరం చూడటం మరవకండి.