ఎఱ్ఱమల కొండలలో ఒక పగలు

యాత్ర యనగానే మన యిండ్లలో కాశీ రామేశ్వరములు తలపునకు వచ్చును. కొండలు చూడవలెనన్నచో ఉదకమండలము పేరు చెప్పుదురు. వానికి ధనము కావలెను, పదిదినముల తీరికయు కావలెను. ఆ రెండును గృహిణికి ఒక్కమారు చేకూరుట యరుదు. కాని తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనమువేళకు ఇల్లు చేరదగిన కొండసీమ యొకటి నంద్యాలకు పడమట కలదు. అదియే ఎఱ్ఱమల. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందూనది. అహోబిల శ్రీశైలముల వలన నల్లమలకు పేరు వచ్చినది. ఎఱ్ఱమలను తలచువారు తక్కువ. ఆ కొండలకును మన వంటయిండ్లకును గల చుట్టరికము తెలిసినచో తలపక మానము.

కార్తికము మొదలు మాఘము వఱకు ఈ ప్రయాణమునకు అనువైన కాలము. వేసవిలో ఇచ్చటి బండలు పెనమువలె కాలును. పులిహోర, పెరుగన్నము మూటగట్టుకొని, త్రాగునీరు సమృద్ధిగా తీసికొనవలెను. బస్సులు కలవు గాని, ఒక్కదినములో అన్నియు చూడదలచినవారు నలుగురైదుగురు కలసి కారు కుదుర్చుకొనుట మేలు.

నంద్యాలనుండి సుమారు 40 కిలోమీటర్ల దూరమున బనగానపల్లె యున్నది. 1948 వఱకు ఇది నవాబుల యేలుబడిలోని చిన్న సంస్థానము. ఇచ్చటి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులను కాచుచు, సమీపమునగల రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెనని ప్రతీతి. తన యింటి పశువులకాపరి మహిమను గుర్తించి ఆయనకు శిష్యురాలైన ఆ గృహిణిని ఈ ప్రాంతమువారు నేటికిని భక్తితో తలచుకొందురు.

అచ్చటినుండి కొండలలోనికి 12 కిలోమీటర్లు పోయినచో యాగంటి. మూడువైపుల రాతికొండలు, నడుమ ఉమామహేశ్వరుని యాలయము. కొండలోనుండి ఊరిన నీరు నందిముఖముగుండ కోనేటిలో పడుచుండును. ఏ ఋతువునందును ఆ నీరు ఇంకదు. ఇచ్చటి బసవన్న పెరుగుచున్నాడని జనుల నమ్మకము. పూర్వము చుట్టును ప్రదక్షిణము చేయుటకు చోటు ఉండెడిదని వృద్ధులు చెప్పుదురు. కొండపై అగస్త్యుని గుహ, వేంకటేశ్వరుని గుహ కలవు. మెట్లు నిటారుగా నుండుటచే పిల్లలను చేయి పట్టుకొని ఎక్కించవలెను.

యాగంటినుండి మరలి వచ్చునప్పుడు జుర్రేరు లోయలో జ్వాలాపురము అను పల్లె తగులును. చూచుటకు సామాన్యమైన యూరు. కాని లోకమునందలి శాస్త్రజ్ఞులకు దీని పేరు తెలియును. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపములో తోబా యను అగ్నిపర్వతము ప్రేలినది. దాని బూడిద సముద్రము దాటి వచ్చి మన దేశముపై కురిసినది. ఈ లోయలో అది గాలికి, వానకు పల్లములు చేరి, కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించిన పొరగా నిలిచినది. ఆ పొరకు క్రిందను, పైనను గూడ పురాతన మానవుల రాతి పనిముట్లు దొరకినవి. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ మున్నగువారు 2007లో ఈ సంగతి ప్రకటించిరి. అంతటి యుత్పాతమునకు పిదప కూడ ఇచ్చట మనుజులు బ్రతికియుండిరని వారి యభిప్రాయము. దానిని ఒప్పుకొనని పండితులును కలరు.

వాదము తేలవలెనన్నచో ఆ పొర యుండవలెను గదా! ఆ మెత్తని తెల్లబూడిదను గోతులు త్రవ్వి తీసి, పాత్రలు తోము పొడులలో వాడుటకై అమ్మిరి. మన గిన్నెలు తళతళలాడుటకై అంత పురాతనమైన సాక్ష్యము అంట్లనీటితో కాలువ పాలైనదని తలచినప్పుడు మనసు చివుక్కుమనును. పొట్టకూటికై గడ్డపార పట్టినవారిని నిందించుట న్యాయము కాదు. కాని మిగిలినదైనను నిలుచునా యని మనము అడుగవలెను.

ఇక దక్షిణముగా అవుకు. శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు, గోరుకల్లు మీదుగా కాలువ వెంట వచ్చిన కృష్ణనీరు ఇచ్చటి జలాశయమున నిలుచును. ఎండిన కొండల నడుమ ఆ నీలిజలము హఠాత్తుగా కనబడినప్పుడు పిల్లలు కేరింతలు కొట్టుదురు. గట్టుపై చెట్టునీడ చూచుకొని అన్నపు మూటలు విప్పుటకు ఇది తగిన చోటు. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాతిపొరలకు ఈ యూళ్ల పేర్లనే పెట్టిరి: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. మన పల్లెల పేర్లు ఆ విధముగా దూరదేశముల గ్రంథములలోనికి ఎక్కినవి.

తుదకు కొలిమిగుండ్ల దాటి బెలుం గుహలు. సాయంకాలము 4 గంటలకు ముందే చేరుట మంచిది. ఏ జాతి సున్నపురాతిని పలకలుగా చీల్చి మన యిండ్లలో నాపబండలుగా పరచుకొందుమో, ఆ జాతి రాతినే నీరు చిరకాలము కరగించి ఈ దారులు తొలిచినది. రాబర్టు బ్రూస్ ఫుట్ 1884లో వీనినిగూర్చి వ్రాసెను; దాదాపు నూరేండ్లకు, 1982 మొదలుకొని, జర్మనులు వచ్చి కొలిచిరి. మొత్తము పొడవు 3,229 మీటర్లు. అందు సుమారు ఒకటిన్నర కిలోమీటరు దీపములమర్చి 2002లో ప్రజలకు తెరచిరి. కోటిలింగములు, వేయిపడగలు, తట్టిన మ్రోగు సప్తస్వరముల గుహ, లోలోతున పాతాళగంగ చూడదగినవి. లోపల ఉక్కపోత యెక్కువ. కొన్నిచోట్ల వంగి నడువవలెను. ఉబ్బసము కలవారు, గర్భిణులు, మోకాళ్లనొప్పుల పెద్దవారు వెలుపల నీడను కూర్చుండుట క్షేమము.

ఈ శీతకాలమున ఒక ఆదివారము పొయ్యికి సెలవిచ్చి పిల్లలతో పోయిరండు. జ్వాలాపురమున మిగిలిన బూడిదపొరను వారికి చూపుడు. త్రవ్విన గోతులను గూడ చూపుడు. మరునాడు అంట్లు తోమునప్పుడు వారు మిమ్ము ఏదో ఒకటి అడుగక మానరు. అట్లు అడిగిన పిల్లలే పెద్దవారై, మిగిలినదానిని కాపాడుదురని ఆశింపవచ్చును.