పాత ట్రాక్టరు క్లచ్, షాఫ్టు మరమ్మతు

పాత చిన్న ట్రాక్టరుతో చాఫ్ కట్టరు నడిపి మేత కోసుకునే సభ్యులకు ఈ వివరాలు మనవి చేస్తున్నాము.

మేత పెట్టగానే ఇంజను మోత మారకుండా కట్టరు మాత్రమే మందగిస్తే క్లచ్ జారుతున్నట్లు గ్రహించాలి. వెంటనే కొత్త ప్లేటు కొనవద్దు. ముందు పెడలును చేతితో నొక్కి చూడండి. బిగువు తగిలేలోగా అది కొంత వదులుగా కదలాలి. ఎంత కదలాలో ఆ ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది. వదులు లేకపోతే రిలీజు బేరింగు ఎప్పుడూ ఒత్తుతూ ఉండి, ప్లేటు జారి కాలిపోతుంది. అప్పుడు లింకు రాడ్డు సరిచేయాలి. అయినా జారితేనే విప్పించండి. ప్లేటుకు నూనె అంటితే, కారుతున్న ఆయిల్ సీలును ముందుగా మార్పించాలి. లేనిచో కొత్త ప్లేటు కూడా పాడవుతుంది.

కట్టరును తిప్పే పి.టి.ఓ. షాఫ్టును తిరిగి కూర్చేటప్పుడు లోపలి రెండు యోకులు ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే అదురు పుట్టి క్రాసు బేరింగులు అరుగుతాయి. క్రాసులకు గ్రీజు మరువరాదు.

ఇంజను ఆపి, తాళం తీసిన తరువాతనే చేయి పెట్టండి. ఈ షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. పంచె గాని, చీర కొంగు గాని చిక్కితే ఆపే వ్యవధి ఉండదు. షాఫ్టుపై తొడుగు తిరిగి బిగించనిదే మేత కోయరాదని సభ్యులు గమనించగలరు.