బంకమట్టి మీద కోట

ఒక కోటను పడగొట్టాలంటే ఏం కావాలి? ఫిరంగులు, సైన్యం అంటారు మీరు. ఇటలీలోని సాన్ లియో కోటకు మాత్రం వాటికంటే పెద్ద శత్రువు నీటి ఊట.

సాన్ లియో చిన్న ఊరు. చుట్టూ నిట్టనిలువుగా తెగిన రాతిగుట్ట. పైకి ఒక్కటే దారి, అదీ రాయి తొలిచి వేసినదే. గుట్ట కొనకొమ్మున కోట! 963లో ఒటో చక్రవర్తి సైన్యం నెలల తరబడి ముట్టడి వేసిందిగాని, మెట్టెక్కి గెలవడం తేలిక కాలేదు. ఫిరంగులు వచ్చాక, 15వ శతాబ్దంలో, ఫ్రాంచెస్కో ది జార్జియో అనే శిల్పి గుండ్రని బురుజులతో ఈ కోటను తిరిగి కట్టాడు. గుండు తగిలితే పక్కకు జారిపోవాలని ఆ గుండ్రదనం. తర్వాత ఇది చెరసాల అయింది. మాంత్రికుణ్ణని చెప్పుకుని ఐరోపా అంతటినీ బురిడీ కొట్టించిన కాలియోస్త్రోను ఇక్కడే బంధించారు. గది కప్పులోని కంతలోంచి అతణ్ణి లోపలికి దింపారట! 1795లో అక్కడే చనిపోయాడు.

ఇక అసలు సంగతి. ఈ గుట్ట సున్నపురాయి, ఇసుకరాయి పలక. దాని కింద ఉన్నది మెత్తని బంకమట్టి. అపెనైన్ పర్వతాలు పైకి లేచేటప్పుడు ఈ పలక బంకమట్టితో కలిసి పడమటి నుంచి మెల్లగా జరుగుతూ వచ్చింది. అంటే ఊరు కూర్చున్నది ప్రయాణం చేసి వచ్చిన రాయి మీద!

వాననీరు రాతి పగుళ్ళలోంచి దిగుతుంది. బంకమట్టి నీటిని లోనికి పోనివ్వదు గనుక రాయి అడుగున ఊటగా బయటికి వస్తుంది. వస్తూ మట్టిని నానబెట్టి, కొద్దికొద్దిగా కోసేస్తుంది. ఆధారం పోయిన రాతి అంచు పగులు వెంట విడిపోయి కూలుతుంది.

నమ్మకం కలగకపోతే పళ్ళెంలో గట్టి బంకమట్టి ముద్ద పెట్టి, దాని మీద ఇటుక ముక్క ఉంచండి. ఒక అంచున నీళ్ళు పోస్తూ ఉండండి. కాసేపటికి ఆ వైపు మట్టి ఉబ్బి జారిపోతుంది, ఇటుక ఒరుగుతుంది.

2014 ఫిబ్రవరి 27న సాన్ లియోలో జరిగింది ఇదే. ఈశాన్యపు అంచున 3 లక్షల ఘనపు మీటర్లకు పైగా రాయి ఒక్కసారిగా కూలింది. ఒక్కో లారీలో 10 ఘనపు మీటర్ల చొప్పున ఎత్తితే 30 వేల లారీలు! అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు.

అప్పటినుంచి శాస్త్రజ్ఞులు లేసర్ కిరణాలతో గుట్ట ముఖాన్ని కొలిచి, ఎక్కడ ఎంత ఊడిందో లెక్క తీస్తున్నారు. గోడలకు సున్నం పూస్తే, బురుజు బాగుచేస్తే కోట నిలవదు. కాపాడవలసినది దాని కింద ఉన్న బంకమట్టిని.