ఆర్డరు వినే యంత్రము

‘ఏం కావాలండీ?’ అను సర్వరు పలకరింపును నేడు యంత్రమునకు నేర్పుచున్నారు. పని మూడంచెలది. మొదట పలుకును అక్షరములుగా మార్చవలెను. పిదప అందలి కోరికను గ్రహించవలెను. తుదకు వంటింటికి తెలిపి, గొంతుతో బదులీయవలెను.

రెండవ అంచెలో పెద్ద చిక్కు కలదు. ‘రెండిడ్లీ, పల్లీల చట్నీ వద్దు’ అన్నప్పుడు ‘వద్దు’ అను మాట చివరనే వచ్చును. అది చెవి జారినచో వద్దన్నదే విస్తరిలో పడును. వేరుసెనగ సరిపడనివారికి అది ప్రాణాంతకము కావచ్చును.

అమెరికాలో మెక్డొనాల్డ్స్ సంస్థ 2021లో ఐ.బి.ఎం.తో చేతులు కలిపి, కారు దిగకుండ ఆర్డరిచ్చు చోట ఇట్టి గొంతును పరీక్షించినది. నూరింటికి పైగా హోటళ్లకు ప్రాకిన ఆ ప్రయోగమును 2024 జులైలో విరమించినది. కోరని పదార్థములు బిల్లుకెక్కిన ముచ్చట్లు అప్పటికే నలుగురి నోటబడినవి.

నిర్మించుటకంటె నడుపుట కష్టము. అయిపోయిన వంటకమును ఏ పూటకాపూట పట్టికనుండి తొలగించవలెను. విన్నదానిని తిరిగి అప్పగించి ఔననిపించుకొనవలెను. బోధపడనప్పుడు మనిషిని పిలువవలెను. మంచి సర్వరు సైతము రెండుమార్లు అడిగిగాని వంటింటికి కేక వేయడు గదా!