పుట్టుక, వేషము, విద్య

పగటి వేషములను చూడనివారు మన పెద్దలలో అరుదు. ఊరిలో కొన్నాళ్లు మకాము చేసిన కళాకారుడు ఒకనాడు ఫకీరుగా, మరునాడు బుడబుక్కల వానిగా, ఇంకొకనాడు సోమయాజులుగా వీధిలోనికి వచ్చును. ప్రతి వేషమునకు తగిన నడకను, మాటతీరును అతడు ముందుగా అభ్యసింపవలెను. వేషము దినదినము మారినను అభ్యసించిన కళ అతనితోనే యుండును. నేడు మన విద్యార్థులు కంప్యూటరుపై ఆడుచున్న పాత్రధారణ క్రీడలలో ఇట్టి వ్యవహారమే మరొక రూపమున కనిపించుచున్నది.

ఈ క్రీడలలో ఆటగాడు తొలుత ఒక జాతిని, ఒక వృత్తిని ఎన్నుకొని, సాహసకార్యములు చేయుచు మెట్టు మెట్టుగా పై స్థాయికి ఎదుగును. వీటికి మూలము 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’. అది బల్ల చుట్టును కూర్చుండి ఆడు ఆట. అందు మరుగుజ్జు జాతివాడు యోధవృత్తిని మాత్రమే స్వీకరింపవలెను. అందును ఆరవ స్థాయిని దాటరాదు. మనుష్యజాతికి అట్టి హద్దు లేదు. మరుగుజ్జు ఎంత శ్రమించినను ఏడవ మెట్టు ఎక్కలేకపోవుటకు అతని పుట్టుకయే కారణము. ఇట్టి హద్దులను 2000లో వచ్చిన మూడవ కూర్పులో తొలగించిరి.

అంతర్జాల క్రీడలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 2004లో బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’. అందు అలయన్స్, హోర్డ్ అను రెండు విరోధి పక్షములకు నాలుగేసి చొప్పున ఎనిమిది జాతులు ఉండెను. పాలడిన్ వృత్తి అలయన్స్‌కు, షామన్ వృత్తి హోర్డ్‌కు మాత్రమే పరిమితము. 2007లో పక్షమునకు ఒక్కొక్క జాతిని చేర్చుటతో ఆ వృత్తులు రెండును ఇరుపక్షములకు లభించినవి. 2010లో మరి రెండు జాతులు చేరినవి. 2012లో చేరిన పాండరెన్ జాతివాడు తన తొలి ప్రయాణము ముగిసిన పిమ్మట పక్షమును తానే ఎన్నుకొనును. క్రొత్త జాతిని చేర్చుట బొమ్మ గీయుటతో తీరదు. దానికొక జన్మభూమిని, చరిత్రను కల్పింపవలెను. ఆటలోని కవచములు ఆ దేహమునకు అమరునట్లు చేయవలెను.

2009లో ఆ సంస్థ 25 డాలర్ల రుసుముపై జాతి మార్పునకు అవకాశము కల్పించినది. జాతి పాత్రకథలో భాగము గదా, ధనమిచ్చి మార్చుకొన్నచో ఆ కథకు విలువ యేమి అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నలో బలము లేకపోలేదు. కాని తొలినాడు తెలియక చేసిన ఎన్నికకు ఏండ్ల తరబడి బద్ధుడై యుండుటయు న్యాయము కాదు.

ఈ మార్పులో ఏది పోవును, ఏది నిలుచును అని విచారించినచో ఒక సంగతి తెలియును. రూపము మారును, జాతితో వచ్చిన సహజశక్తులు మారును. సాధించిన స్థాయియు, అవలంబించిన వృత్తియు అట్లే నిలుచును. పుట్టుక ఇచ్చినది వేరు, శ్రమ ఇచ్చినది వేరు అని ఆట నియమమే ఒప్పుకొనుచున్నది. 2024 నాటి ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ నియమగ్రంథము ‘రేస్’ అను మాటను విడిచి ‘స్పీషీస్’ అను మాటను గ్రహించినది. బలము, మేధ మొదలగు గుణములకు కలుగు అదనపు అంకెలను జాతిని బట్టి గాక, ఆ పాత్ర పూర్వము గడిపిన జీవితమును, చేసిన పనిని బట్టి నిర్ణయించినది.

నిజజీవితమున ఎవరును తమ పుట్టుకను రుసుము చెల్లించి మార్చుకొనలేరు. మార్చుకొనవలసిన అగత్యమును లేదు. కాని “వీరికి ఈ చదువు అబ్బదు, వీరి ఎదుగుదల ఇంతవరకే” అను మాట మన విద్యార్థులకు ఎచ్చటనో ఒకచోట వినబడకపోదు. అట్టి వేళ ఆ మరుగుజ్జును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అతని ఆరవ మెట్టు ఒక పుస్తకములో మనుష్యులు వ్రాసిన నియమము; ఇరువదియారేండ్లకు మనుష్యులే దానిని కొట్టివేసిరి.