పాలమూరు ఆడవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

కరోనా మొదటి ఏడు, 2020 ఆగస్టులో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికను విడుదల చేసింది. రొమ్ము క్యాన్సర్ పట్టికలో హైదరాబాద్ జిల్లాదే మొదటి స్థానం. వయసుల తేడా సవరించి లెక్కగడితే లక్ష మంది ఆడవాళ్లలో ఏటా 48 కొత్త కేసులు. సరే, మరి పాత పాలమూరు జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఆడవాళ్ల సంగతి? ఆ పట్టికలో వాళ్లు లేరు. ఊరూరా ఎందరికి జబ్బు వచ్చిందో లెక్కపెట్టే రిజిస్ట్రీ అప్పటికి తెలంగాణలో హైదరాబాద్ జిల్లాకే ఉంది. పాలమూరు మనిషి రాజధానిలో పెద్దాసుపత్రి మెట్లెక్కితే అక్కడి రికార్డులోకి వస్తుంది. ఎక్కకపోతే ఎందులోకీ రాదు.

కరోనా కాలంలో ఆ మెట్లెక్కడమే గగనమైంది.

గద్వాల నుంచి హైదరాబాద్ సుమారు 190 కిలోమీటర్లు. వనపర్తి, నాగర్‌కర్నూల్ కాస్త దగ్గరే గానీ క్యాన్సర్ వైద్యమంటే అప్పట్లో అక్కడివాళ్లకూ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రే దిక్కు. 1955 నుంచి పేదల ఆసుపత్రి అది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే కీమో చాలావరకు 21 రోజులకోసారి ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ ముందు రక్తపరీక్ష చేస్తారు. తెల్లకణాలు తగ్గి ఉంటే మందు ఎక్కించరు, మళ్లీ రమ్మంటారు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూతో ఆగిన ఆర్టీసీ బస్సులు మే 19న గానీ కదల్లేదు. రైళ్లూ లేవు. అంటే కారు కిరాయికి డబ్బు లేనివాళ్లకు రెండు కీమోల గడువు దాటిపోయినట్టే. గద్వాల, అలంపూర్ వైపు వాళ్లకు కర్నూలు దగ్గర, తుంగభద్ర దాటితే చాలు. కానీ అది వేరే రాష్ట్రం. 2021 మే నెలలో పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులనే తెలంగాణ పోలీసులు ఆపారు. హైకోర్టు కల్పించుకున్నాకే దారి వదిలారు.

దేశమంతటా ఇదే తంతు. 41 క్యాన్సర్ కేంద్రాల లెక్కలు కూర్చిన అధ్యయనం ఒకటి 2021లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. 2019 మార్చి నుంచి మే దాకా ఈ కేంద్రాల్లో పేరు నమోదు చేయించుకున్న కొత్త రోగులు 1,12,270 మంది. మరుసటి ఏడు అవే మూడు నెలల్లో వచ్చింది 51,760 మందే. 54 శాతం కోత. పెద్ద ఆపరేషన్లు సగానికి పడిపోయాయి. విలువైన అధ్యయనమే, కాదనలేం. కానీ అది ఆసుపత్రి గుమ్మంలో నిలబడి తీసిన లెక్క. ఎందరు రాలేదో చెప్పింది. రానివాళ్లు ఇంట్లో ఏం చేశారో, గడ్డ సంగతి ఎవరికి చెప్పుకున్నారో, ఎందుకు దాచారో ఆ అంకెల్లో దొరకదు.

ఈ లోటును గట్టిగా నిలదీసింది అమెరికాలోని నల్లజాతి మహిళలు. అక్కడ తెల్లవాళ్లకంటే వాళ్లకు రొమ్ము క్యాన్సర్ కొంచెం తక్కువగానే వస్తుంది, చావులు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. ట్రిపుల్ నెగెటివ్ అనే మొండి రకం వాళ్లలో రెట్టింపు కనిపిస్తుంది. రెండు హార్మోన్ల గ్రాహకాలూ, హెర్‌2 ప్రొటీనూ లేని కణితి అది. హార్మోన్ మాత్రలు దాని మీద పనిచేయవు. ఇంత నష్టపోతున్నా కొత్త మందుల ట్రయల్స్‌లో వాళ్ల సంఖ్య నామమాత్రమే. ఆ జబ్బునుంచి బయటపడ్డ రికీ ఫెయిర్లీ సరిగ్గా కరోనా ఏడాదిలోనే 'టచ్' అనే సంస్థను పెట్టి, మా శరీరాలను చూడకుండా మాకు మందెలా తయారుచేస్తారని అడిగారు. 2024లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ లక్ష మంది నల్లజాతి మహిళల జీవితాలను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలుపెట్టింది.

మనకిది దూరపు ముచ్చట కాదు. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో నూటికి పాతిక, ముప్పై మందికి ఉండేది ఈ ట్రిపుల్ నెగెటివే. పైగా పశ్చిమ దేశాలతో పోలిస్తే ఇక్కడ రొమ్ము క్యాన్సర్ పదేళ్లు ముందే, పిల్లలు బడికి పోయే వయసులోనే వస్తోంది. పరీక్షల సంగతి చెప్పనక్కర్లేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. వందకు ఒక్కరైనా లేరు.

పేద ఆడవాళ్లను పరిశోధనలోకి తేవడం కుదరదని అనేవాళ్లకు ముంబయి బస్తీలే జవాబు. టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మందిని ఇరవయ్యేళ్లు వెంబడించారు. మామోగ్రామ్ యంత్రాలు లేవు. పదో తరగతి చదివిన అమ్మాయిలకు చేత్తో రొమ్ము పరీక్షించడం నేర్పారు. వేళ్ల మెత్తటి భాగంతో, చంక దాకా, ఒక్క చోటూ వదలకుండా తడిమి చూడటం. రెండేళ్లకోసారి, నాలుగు విడతలు. 2021లో వచ్చిన ఫలితం: యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్లలో మాత్రం చావులు తగ్గినట్టు తేలలేదు. తెలుగు నేలకూ ఇది కొత్త కాదు. 2012 నుంచి 2016 దాకా రొమ్ము క్యాన్సర్ వైద్యుడు డాక్టర్ రఘురామ్ బృందం రెండు రాష్ట్రాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల చేత రెండు లక్షల మందికి పైగా ఇలాగే పరీక్షలు చేయించింది.

కరోనా కాలంలో ఒక మేలూ జరిగింది. రేడియేషన్‌ను మూడు వారాలకు బదులు ఒక్క వారంలో, అయిదు విడతల్లో ముగించినా ఫలితం తగ్గదని బ్రిటన్ ట్రయల్ ఒకటి 2020 ఏప్రిల్‌లో తేల్చింది. హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, కూలి పోగొట్టుకుని, పిల్లల్ని అత్త దగ్గర వదిలివచ్చే గద్వాల ఆడమనిషికి ఆ రెండు వారాల తేడా ఎంత పెద్దదో లండన్ వాళ్లకంటే ఆమెకే బాగా తెలుసు. అలాంటివి తెలియాలంటే ఆమెనే అడగాలి.

అడిగే మనుషులు ఇప్పుడు జిల్లాల్లోనే ఉన్నారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ప్రతి వైద్య విద్యార్థీ కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నిబంధనా ఉంది. ఆ కుటుంబాల బీపీ, షుగర్ రాసుకునే పుస్తకంలోనే 2020, 2021లో ఎవరి వైద్యం ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో కూడా రాయిస్తే ఈ మూడు జిల్లాలకు తొలి లెక్క తయారవుతుంది.

ఆ లెక్క వచ్చేదాకా ఆగకూడని పని ఒకటుంది. రొమ్ములో గానీ చంకలో గానీ కొత్త గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం మరక కనిపించినా, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఆ వారంలోనే ఏఎన్ఎంకు గానీ పీహెచ్‌సీ డాక్టరుకు గానీ చూపించండి.