జాడ చదివే చదువు

మార్కాపురం అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది పలక. తరాల తరబడి తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుకొన్నది ఆ నేలలో తవ్వి తీసిన రాతిమీదనే. అయితే ఆ ప్రాంతంలోనే బడిలో నేర్పని చదువు మరొకటి ఉన్నది. మార్కాపురం నుండి పడమరగా దోర్నాల దాటి శ్రీశైలం దారి పట్టినా, కంభం, గిద్దలూరు మీదుగా దిగువమెట్ట వైపు రైలులో పోయినా నల్లమల ఎదురవుతుంది. ఆ కొండలలో రాత్రివేళ జంతువులు మట్టిమీద విడిచిపోయిన గుర్తులను తెల్లవారి చదివే చెంచులను గురించి, ఆ చదువే బ్రతుకుతెరువైన తీరును గురించి నాలుగు మాటలు చెప్పుకొందాము.

ఈ అడవిమీద సాహసకథలు రాకపోలేదు. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ దిగువమెట్ట పేరును శీర్షికలోనే పెట్టి ఒక పులికథ వ్రాసినాడు. వేటకథలలో సాధారణంగా నాయకుడు తుపాకి పట్టినవాడే. ముందు నడిచి, వంగి నేలను చూచి, పులి ఇటు పోయినదని చేయి చూపినవాని పేరు ఒక్కొక్కప్పుడు కథలో ఉండనే ఉండదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట నిలిచినది. తుపాకి ఇంటికి పోయినది. జాడ తెలిసినవాడు అడవిలోనే మిగిలినాడు. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించినారు. 1983లో అది పులుల సంరక్షణ పథకంలోనికి వచ్చినది. ఒకప్పుడు దొరల వెంట నడిచినవారి మనుమలే ఈనాడు అటవీశాఖ శిబిరాలలో కాపలాదారులుగా, జాడగాండ్రుగా పనిచేస్తున్నారు.

అనుమతి పొంది ఒక వేసవి ఉదయం మేము అట్టివారి వెంట నడిచినాము. బయలుదేరిన కొద్దిసేపటికే దారిమీది దుమ్ములో పెద్ద జాడ ఒకటి కనిపించినది. పులి, పులి అని మేము ఉత్సాహపడినాము. ముందు నడుస్తున్న పెద్దాయన వంగి కూడ చూడలేదు. అది గూడెం కుక్కదట! పులిజాతి జంతువు నడిచేటప్పుడు గోళ్ళు లోనికి ముడుచుకొంటుంది. కనుక దాని అడుగులో గోటి గుర్తు సామాన్యంగా పడదు. కుక్క అడుగులో గాని, దుమ్ములగొండి అడుగులో గాని గోళ్ళు తెలిసిపోతాయి. మగపులి వెనుకకాలి జాడ చుట్టూ గీత గీస్తే దాదాపు నలుచదరంగా వస్తుంది. ఆడపులిదైతే కాస్త పొడవుగా ఉంటుంది.

ఇంతవరకు పుస్తకాలలో కూడ ఉన్నది. జాడ ఎప్పటిదో చెప్పడమే అసలు విద్య. అంచు ఇంకా పదునుగా ఉన్నదా, విరిగి మట్టి లోపలికి రాలినదా? రాత్రి కురిసిన మంచు ఆ గుంటలోనూ పడినదా? ఏ పురుగైనా దాని మీదుగా సన్నని గీత గీచుకొంటూ పోయినదా? పోయి ఉంటే జాడ ఆ పురుగు కంటె పాతది. ఇట్లా ఒకదానితో ఒకటి సరిచూచుకొని ఆయన, ఇది నడిరేయి దాటిన తరువాతిది అని తేల్చి చెప్పినారు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి, చిక్కులెక్క విప్పిన బడిపిల్లవాని ముఖంలో మేము చూచినదే.

చెవులకూ పని తక్కువేమీ లేదు. చెట్టుమీది కొండముచ్చు దగ్గినట్లు అరచినా, దుప్పి ఉలిక్కిపడి కూసినా అందరూ ఒక్కసారి నిలిచిపోతారు. పులి మాట అట్లా ఉంచి, వారికి ఎక్కువ జంకు ఎలుగుబంటి అంటేనే. అది పుట్ట తవ్వుకొంటూ తల వంచుకొని ఉంటుంది. మనిషి దగ్గరకు వచ్చేదాకా గమనించదు. గమనించిన మరుక్షణం బెదిరి మీద పడుతుంది. అందుచేత పొదలు దట్టంగా ఉన్నచోట కర్రతో నేల తడుతూ, గట్టిగా మాటలాడుతూ పోతారు. పట్టణాల నుండి సాహసం కోరి వచ్చేవారు అపాయం ఎదురైతే కథ దొరికినదనుకొంటారు. వీరి లెక్కలో ఏమీ జరుగకుండా ఇల్లు చేరిన రోజే మంచిరోజు.

కొండతేనె తీయడంలోనూ ఇదే పద్ధతి. పెద్ద తేనెటీగలు నిట్టనిలువు చరియలకు పట్టు పెడతాయి. పైన చెట్టుకు కట్టిన తాటిని పట్టుకొని, పొగతో ఈగలను తొలగించుకొంటూ మనిషి దిగాలి. తాటి దగ్గర కావలి ఉండేది బావమరిది అని వాడుక. అక్క పసుపు కుంకుమలు ఆ తాటికే వ్రేలాడుతున్నవి గదా, ఇంతకంటె నమ్మకమైన కావలి ఎక్కడ దొరుకుతుంది! పట్టులో తేనె పైభాగాన, పిల్లలు క్రిందిభాగాన ఉంటాయి. తేనె ఉన్నంతమేరకే కోస్తే ఈగల సంతతి నిలుస్తుంది.

పూర్వం పులుల లెక్క అడుగుజాడల మీదనే సాగేది. రాజస్థానంలోని సరిస్కాలో పులులు ఒక్కటీ మిగలలేదని 2005లో బయటపడిన తరువాత ఆ లెక్కమీద నమ్మకం సడలినది. 2006 నుండి నాలుగేండ్లకొకసారి జరిగే దేశవ్యాప్త గణనలో దారికి ఇరువైపులా జతగా అమర్చిన కెమెరాలు ముఖ్యమైనవి. పులి చారలు మన వ్రేలిముద్రల వంటివి. ఒకదానివి మరొకదానికి రావు. పైగా కుడిప్రక్క చారలు ఎడమప్రక్క చారలతో కలియవు, అందుకే జత. అయితే ఇన్ని వేల ఎకరాలలో కెమెరాను ఏ చెట్టుకు కట్టాలి? అది యంత్రానికి తెలియదు. జాడ చదివినవాడే చెప్పాలి. ఏండ్ల తరబడి అడుగులు మాత్రమే ఎరిగిన పులిని బొమ్మలో మొదటిసారి చూచినప్పుడు, దూరపు బంధువు ఫోటో వచ్చినట్లు అందరూ మూగి చూస్తారని శిబిరంలో మాకు చెప్పినారు.

ఈ సంతోషాన్ని చూచి మనవంటివారు ఒక పొరపాటు చేస్తుంటాము. వారికి అడవి అంటే ఇష్టం, అందుచేత ఎంత ఇచ్చినా చేస్తారు అంటాము. కాపలాదారులలో చాలామందిది తాత్కాలిక కొలువు. ఎండకాలంలో నిప్పు అంటుకొంటే పచ్చికొమ్మలు విరిచి కొట్టి ఆర్పేవారు, జంతువుల నీటిగుంటలు ఎండకుండా చూచేవారు వీరే. పనిలో ఆనందం పనివాని సొత్తు. దానిని కూలిలోనుంచి తగ్గించుకొనే హక్కు పని ఇచ్చేవారికి లేదని మా అభిప్రాయం.

మరొక చిక్కు కూడ ఉన్నది. చెంచు పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలలలో ఉండి చదువుకొంటున్నారు. అది కావలసినదే, కాదనడానికి మనమెవరము? కాని తండ్రి వెనుక నడిచి నేర్చుకొనే విద్యకు వారికి మిగిలినవి సెలవులే. మాతో వచ్చిన పెద్దాయన మనుమడు, పదేండ్లవాడు, అట్లే సెలవులకు వచ్చినవాడు. తిరుగుదారిలో వాడు అందరికంటె వెనుక నడుస్తూ హఠాత్తుగా ఆగి తాతను పిలిచినాడు. వెనుదిరిగి చూస్తే, మా చెప్పుల గుర్తుల నడుమ సగం చెరిగిన జాడ ఒకటి. చిరుతది. మేమందరము దానిని తొక్కుకొంటూ వచ్చినాము. పెద్దాయన చతికిలబడి కూర్చుండి, మనుమని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అది ఎప్పటిదో నీవే చెప్పు అన్నారు. వాడు చెప్పేదాకా మేము ఎండలో నిలబడినాము.